కెమెరా వైపు చూడొద్దన్నారు

మా నాయనకు వాళ్ల నాయన మొహం గుర్తులేదు. ఆయనకు ఊహ తెలియకముందే తాత పోయాడు. ఇంట్లో ఫొటో లేదు. తాత ఎట్లా ఉండేవాడని అడిగితే అవ్వ, "నీ మాదిరే. పోయి అద్దంలో చూసుకో" అనేది. అది ఓదార్పో విసుగో నాయనకు ఎప్పుడూ అర్థం కాలేదు. అందుకే అవ్వకైనా ఒక ఫొటో తీయించాలని ఆయన పంతం. ఆత్మకూరులో స్టూడియో ఉంది, కానీ అవ్వ రావాలి కదా. ఫొటో తీస్తే ఆయుష్షు తరుగుతుందని ఆమె నమ్మకం. "నేను పోయినాక తీసుకోరా, అప్పుడు కదలను గూడా కదలను" అనేది. ఒకసారి ఆ మాటకు నాయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

మాది ఉదయగిరికీ ఆత్మకూరుకూ నడుమ కొండ కింది ఊరు. కొండ మీద పడ్డ వాన ఒక కాలువ వెంట వచ్చి మా కుంటలో చేరాలి. జమీందారీ రోజుల్లో ఏటా ఇంటికొక మనిషి పోయి కాలువ పూడిక తీసేవాళ్లు. జమీందారీ పోయింది, దాంతోపాటు భయమూ పోయింది, కాలువ పూడిపోయి కంపచెట్లు మొలిచాయి. కళ్ల ముందే వాన నీళ్లు పక్కకు జారి వంకలో కలిసిపోతుంటే ఊరంతా గట్టున నిలబడి గవర్నమెంటును తిట్టేది. తిట్టడానికి మాత్రం ఇంటికి ఇద్దరు వచ్చేవాళ్లు.

ఆ రోజుల్లోనే ఒక గవర్నమెంటు వ్యాను వచ్చి ఊళ్లలో ఊరికే సినిమాలు చూపించేది. పొద్దు గూకగానే రెండు గుంజలకు తెల్లగుడ్డ కట్టేవాళ్లు. జనం దానికి రెండు వైపులా కూర్చునేవాళ్లు. ముందువైపు బీడీల పొగ భరించలేక అవ్వ ఎప్పుడూ వెనక చేరేది. వెనక నుంచి చూస్తే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. ఒక రోజు వేసిన బొమ్మలో రాజూ లేడు, రాణీ లేదు, కత్తియుద్ధం అసలే లేదు. ఎక్కడో ఉత్తరాది పల్లెలో మాలాంటి బక్కమనుషులే పారలు పట్టి చెరువు బాగుచేసుకుంటున్నారు. కుర్రకారు ఉసూరుమంటూ లేచిపోయింది. అవ్వ మాత్రం చివరిదాకా కదల్లేదు.

ఇంటికి వస్తూ అంది: "అందరూ ఎడంచేతోళ్లేరా. ఎడంచేత్తోనే వాళ్లు అంత తవ్వినారు. కుడిచేతులు పెట్టుకొని మనం ఏం చేస్తా ఉండాము?"

తెర సంగతి నాయన వివరించబోయాడు. అమ్మ కళ్లతోనే ఆపింది.

తెల్లారి అవ్వ గంప పట్టుకుని ఒక్కతే కాలువకు పోయింది. ముసలితల్లి మట్టి మోస్తుంటే కొడుకు అరుగు మీద కూర్చోలేడు కదా, నాయన పార తీసుకుని వెనకే పోయాడు. ఆయన పోయాక పక్కింటివాళ్లు, వాళ్లను చూసి ఎదురింటివాళ్లు. ఊరి బయటి పాలెంలోని క్రైస్తవులు ప్రార్థన ముగించుకుని వచ్చి వరసలో నిలబడ్డారు. వాళ్ల చేతి గంప అవ్వ అందుకోవడం చూసి మా వాళ్లలో కొందరు మొహం చిట్లించారు. అవ్వ అదే గంపను మట్టితో సహా ఆ చిట్లించినవాళ్ల నెత్తినే పెట్టింది. నేనూ మోశాను. మెడ పట్టేసి పక్కకు తిరగలేక ఏడ్చాను కూడా.

ఆ ఏడు వానలకు కుంట నిండింది. వార్త ఎట్లా పాకిందో గానీ, కొన్నాళ్లకు ఒక జీపు, మూడుకాళ్ల కెమెరా వచ్చాయి. మా కాలువ మీదే సినిమా తీస్తారట! మిగిలిన కాస్త పూడిక మళ్లీ అందరూ కలిసి తీయాలన్నారు. ఆడవాళ్లంతా పెళ్లి చీరలు కట్టి, పూలు పెట్టుకుని గంపలతో వచ్చారు. కెమెరా ఆయన నెత్తి పట్టుకుని అందరినీ ఇళ్లకు తరిమాడు. పాత చీరలతో వచ్చాక ఒకటే మాట చెప్పాడు: "మీ పని మీరు చేసుకోండి. కెమెరా వైపు మాత్రం చూడొద్దు."

నాయన ఆనందం ఇంతా అంతా కాదు. ఫొటో ఏమిటి, అవ్వ మొహం ఏకంగా తెరకెక్కుతుంది! ఆమెను పట్టుకెళ్లి వరసలో ముందు నిలబెట్టాడు. అవ్వ కెమెరాకు వీపు పెట్టి నిలబడింది. కెమెరా అటు మారితే ఆమె ఇటు మారింది.

"అవ్వా, కాస్త ఇటు తిరుగు" అన్నాడు కెమెరా ఆయన.

"చూడొద్దంటివి గదయ్యా. నీకు మాట మీద నిలకడ లేకపోతే నేనేం చేసేది?"

ఆయన నవ్వి వదిలేశాడు. నాయన నవ్వలేదు. చెప్పిన మాట విన్నదో, ఆ వంకతో ఆయుష్షు కాపాడుకున్నదో, నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

మరుసటి వానల్లో అవ్వ జ్వరంతో పోయింది. ఫొటో తీసే ఆయన కోసం నాయన ఆత్మకూరుకు మనిషిని పంపాడు. దారిలో వాగు పొంగి ఆయన రాలేకపోయాడు.

ఆ తర్వాతే మా సినిమాతో ఆ వ్యాను ఉదయగిరికి వచ్చిందని తెలిసింది. ఊరు ఊరంతా బస్సెక్కింది. నాయన గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని తెర ముందు కూర్చున్నాడు. మా కొండ కనిపించింది, మా కాలువ కనిపించింది. ఎవరి మొహం వాళ్లు చూసుకుని కేకలు పెట్టారు. అంతలో చెంగు నడుముకు బిగించి, నెత్తిన గంపతో అవ్వ కనిపించింది. వీపే. చాలాసేపు చూపించారు. అంతసేపూ వీపే.

నాయన లేచాడు. వెలుగుకు అడ్డం రాకుండా నడుం వంచి, జనాన్ని దాటుకుంటూ తెర వెనక్కి పోయాడు. అవతలా వీపే కనబడుతుందని ఆయనకు తెలియదా! అవ్వకు తెర సంగతి చెప్పబోయిన మనిషే కదా.

బొమ్మ అయిపోయాక వెతుక్కుంటూ పోయాను. వెనకవైపు జనంలో నేల మీద కూర్చుని, ఖాళీ తెర వైపే చూస్తున్నాడు.

"కనిపించిందా నాయనా?" అన్నాను.

"పనిలో ఉండాది పాపా" అన్నాడు. "నేనే పిలవలా."