గుండెకు కట్టిన పట్టీ

మా కోడలు కొత్త బట్టలు కుట్టదు. అందరి పాత బట్టలూ సరిచేస్తుంది. నడుము వదులు చెయ్యడం, చేతులు పొట్టి చెయ్యడం, చిరిగినచోట కుట్టు కనపడకుండా అతకడం. కాపురానికి వచ్చిన కొత్తలో "ఇదీ ఒక పనేనా?" అన్నాను. "అవునత్తయ్యా" అని కుట్టుకుంటూ పోయింది. నోట్లో నాలుక లేని పిల్ల అనుకున్నాను. పోనీలే, ఇద్దరికీ సరిపడా నోరు నాకుందిగా!

దాని కూతురు బుడంకాయకి ఏడో నెలలో గుండె జబ్బు బయటపడింది. నాలుగు గుక్కలు పాలు తాగితే ఒళ్ళంతా చెమట, ఆయాసం. గుండెలో ఎడమ గది ఉబ్బి సత్తువ పోయిందనీ, ఇక మందులకి లొంగదనీ ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ తేల్చేసింది. మా వాడు ఆవిడ గది గోడకి ఆనుకుని తన చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు.

"గుండె మార్చెయ్యండి, పీడా పోతుంది" అన్నాను.

"మార్చాలంటే ఇంత పిల్ల గుండే కావాలి బామ్మగారూ. అంటే ఇంకొకరింట్లో..." అని ఆవిడ ఆగింది. "ఇంకో దారి చెప్పు తల్లీ" అన్నాను, గొంతు తగ్గించి. అది నాకు అలవాటు లేని పని.

రెండోది, ఒంటి బయట పంపు పెట్టడం. గుండె దొరికేదాకా అదే రక్తాన్ని తోస్తుంది. నెలలు పట్టొచ్చు, రక్తం గడ్డ కట్టొచ్చు. మూడోది వింటే నాకు ఒళ్ళు మండింది. ఊపిరితిత్తులకి వెళ్ళే రక్తనాళం చుట్టూ పట్టీ కట్టి బిగిస్తారట!

"నీరసపడ్డ గుండెకి ఉరి కూడానా తల్లీ? ఏ బడిలో నేర్పారు?"

"కుడి గది బాగుంది బామ్మగారూ. పట్టీ బిగిస్తే అది గట్టిగా తోస్తుంది. అప్పుడు మధ్య గోడ ఎడమకి జరిగి, ఉబ్బిన గది ఆకారంలోకి వస్తుంది. కొందరు పసిపిల్లలకి దాంతోనే గుండె కోలుకుంటుంది. అందరికీ కాదు."

"పంపే పెట్టించరా" అన్నాను మా వాడితో.

అప్పుడు కోడలు నోరు విప్పింది. "పిల్ల పెరుగుతుంది, పట్టీ పెరగదు. అప్పుడెలా?"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "పెరిగేకొద్దీ అదే బిగుస్తుంది. కొన్నాళ్ళు మాకు కావలసిందీ అదే. చాలనుకున్నాక కాలి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, కొసన బుడగ ఉబ్బించి వదులు చేస్తాం."

"ఎంత బిగించాలో ముందే కొలుస్తారా?"

"లేదమ్మా. గుండె కొట్టుకుంటుండగానే కొంచెం బిగించి, స్కానింగులో చూసి, ఇంకొంచెం బిగిస్తాం. ఎక్కువైతే వదులుతాం."

"తొడిగి చూసి సరిచెయ్యడమన్నమాట. కుదరకపోతే?"

"పంపు పెడతాం. గుండె కోసం పేరు ఇప్పుడే రాయించి ఉంచుతాం."

"అయితే కట్టండి."

"నా మాటకి విలువ లేదా?" అని లేచాను.

"ఉందత్తయ్యా. కానీ ఉన్నది బాగుపడుతుందేమో ముందు చూడాలి. రోజూ చేసే పని, నాకు తెలుసు" అని సంతకం పెట్టింది.

ఎనిమిదేళ్ళు ఒకే పొయ్యి దగ్గర మసిలాం. ఆ పిల్ల తల వంచుకుని కూర్చున్నప్పుడు లోపల ఎంత ఆలోచన నడుస్తుందో నేను ఒక్కనాడూ అడగలేదు. ఒప్పుకోవడం నాకు కష్టమే, అయినా రాస్తున్నాను.

ఆపరేషనైన మూడో నెలలో ఉబ్బు తగ్గిందని డాక్టరమ్మ చెప్పింది. గుండె కోసం రాయించిన పేరు మాత్రం ఇప్పుడే తియ్యనంది. ఆ సాయంత్రం ఖాళీ పాలసీసా లాక్కుంటే బుడంకాయ వీధి చివరికి వినపడేలా ఏడుపు అందుకుంది. ఎత్తుకోబోయాను.

"ఆగండత్తయ్యా" అంది కోడలు, మిషను ఆపి. "ఇంతసేపు ఏడ్చే ఊపిరి దానికెప్పుడూ లేదు. కాసేపు విననివ్వండి."

నేనూ పక్కన కూర్చున్నాను.