మనోవర్తి వారెంటు

మా నాన్న పులివెందులలో ఇంకో సంసారం పెట్టుకునేనాటికి నేను ఆరో తరగతిలో ఉన్నాను. అమ్మ ప్రొద్దుటూరులో ఒక గది అద్దెకు తీసుకుని జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. ఆమె కేసు వేస్తే, నా ఖర్చులకు నెలనెలా మనోవర్తి కట్టాలని కోర్టు తీర్పు చెప్పింది. నాన్న కొన్నాళ్ళు కట్టి మానేశాడు.

డబ్బు లేక మానలేదు. ఆయనకు సొంత జేసీబీ ఉంది, చేతినిండా పని ఉంది.

బకాయి వసూలుకు మా వకీలు మళ్ళీ పిటిషన్ వేస్తే వారెంటు వచ్చింది. పోలీసులు వెళ్ళడం, మనిషి ఊళ్ళో లేడని రాసి వెనక్కి పంపడం, ఇదే చాలాకాలం నడిచింది. ఒకసారి అమ్మే నన్ను వెంటబెట్టుకుని ముద్దనూరు మీదుగా బస్సులో పులివెందుల వెళ్ళింది. నాన్న రెండో భార్య తలుపు తీసింది.

"ఆయప్ప ఈడ లేడు. జేసీబీ తీసుకోని పనికి పోయినాడు. ఎప్పుడొస్తాడో తెల్దు."

జేసీబీ ఇంటి పక్కనే నిలబడి ఉంది. అమ్మ దాన్ని చూసింది. ఆమె కూడా చూసింది. మేము వచ్చిన బస్సుకే తిరిగి వచ్చేశాం.

నేను పదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం అమ్మకు ఫోన్ వచ్చింది. చేసింది మా అవ్వ, నాన్నను కన్నతల్లి. విడిపోయాక ఆమె మాతో మాట్లాడటం అదే మొదలు.

"నీ మొగుడు జమ్మలమడుగులో ఉండాడు మే, నీ ఆడబిడ్డ ఇంట్లో. రేపు వాళ్ళ పాపకు పుట్టెంట్రుకలు తీస్తాండారు. పోలీసోళ్ళను పిల్చుకోని పొద్దన్నే రా."

అమ్మ కుట్టుమిషను ఆపింది. "నువ్వెందుకు చెప్తాండావు అత్తా?" అని అడిగింది.

"మీ మామ పోయినాక వాన్ని సాకేదానికి నేను ఎవరెవరి గడపలు తొక్కినానో వానికి తెల్దు. వాని బిడ్డ కోసరం నువ్వు గూడా అట్లే తిరుగుతాండావు. అది సూస్తాంటే నాకు బాగలేదు."

మరునాడు విందు మధ్యలో పోలీసులు నాన్నను పట్టుకుని ప్రొద్దుటూరు కోర్టుకు తెచ్చారు. కడతావా, జైలుకు పోతావా అని జడ్జి అడిగారు. నాన్న జంకలేదు.

"దుడ్లు లేవు సార్. జైలుకే పోతా."

జైలుకు పోతే బాకీ పోతుందనుకున్నాడాయన. బయట వరండాలో మా వకీలు నింపాదిగా చెప్పాడు. "ఆడ కూర్చుంటే బాకీ తీరదప్పా. నువ్వు బయటికొచ్చినా అది అట్లే ఉంటాది."

నాన్న మొహంలో మొదటిసారి కంగారు చూశాను. నాకు జాలి కలగలేదు, సంతోషమూ కలగలేదు. ఆకలిగా ఉండింది. పొద్దున ఏమీ తినకుండా వచ్చాం.

అయినా పంతానికి జైలుకే వెళ్ళాడు. వారం తిరక్కముందే రెండో భార్య తమ్ముడు వచ్చి సగం బకాయి కట్టి విడిపించాడు. మిగతాది వాయిదాల మీద కట్టేటట్టు ఒప్పుకున్నారు. ఆ డబ్బుతో అమ్మ నన్ను ఇంటర్లో చేర్చింది, ఒక కరెంటు కుట్టుమిషను కొన్నది.

పోలీసులకు కబురు ఎలా అందిందని నాన్న ఆరా తీస్తుంటే, అవ్వ దాచలేదట. "నేనే చెప్పినా" అన్నదట. ఆయన ఆమెను మళ్ళీ పులివెందుల ఇంటికి రానివ్వలేదు. ఆమె జమ్మలమడుగులో కూతురి దగ్గరే ఉండిపోయింది. అమ్మ ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్ళి చూసి వచ్చేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. అవ్వ అన్నం పెట్టేది, అమ్మ తినేది.

ఆఖరి వాయిదా కట్టిన రోజు కోర్టు మెట్ల దగ్గర నాన్న నా ముందు ఆగాడు.

"ఏం సదువుతాండావు?"

"బైపీసీ."

"ఇంగెన్నేండ్లు?"

"శానా ఉంది" అన్నాను.

ఆయన తలూపి, బండి తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నెలనెలా మనోవర్తి తేదీ తప్పకుండా బ్యాంకులో జమ చేశాడు. కోర్టు చెప్పింది అంతవరకేనని, నాకు పద్దెనిమిది నిండిన నెల నుంచి ఆపేశాడు. అమ్మ మళ్ళీ కోర్టుకు వెళ్ళలేదు.