ప్రెసిడెంట్ గారు వెళ్లిన పెళ్లి

కార్పొరేషన్ ఎన్నికలు ఇవాళో రేపో అంటున్న ఏడాది. పంజాగుట్టలో, కిటికీ తెరిస్తే మెట్రో రైలు మన బల్ల మీది నుంచే పోతున్నట్టుండే రెండో అంతస్తులో మా పార్టీ ఆఫీసు. పార్టీ అంటే పెద్దదేం కాదు, టీవీ చర్చలో కుర్చీ ఖాళీగా ఉంటే పిలిచేటంత. నేను దాని ప్రెసిడెంట్ గారికి పీఆర్వోని. ఆయన మాటలు పత్రికలకు చేర్చడం నా పని అనుకుంటారు అందరూ. చేర్చడం ఏమిటి నా మొహం, రాసేదే నేను. ఆయన ఫోన్ చేసి "జర గట్టిగ ఖండించమ్మా" అంటారు. ఎవరిని, ఎందుకు అనేది నేను చూసుకోవాలి.

ఒకరోజు పొద్దున్నే అమీర్‌పేటలో మా ఇంటి కింద ఇడ్లీ కట్టించుకుంటుంటే ఫోన్లోకి ఒక ఫొటో వచ్చింది. బేగంపేటలో ఒక హోటల్ లిఫ్టు ముందు మా ప్రెసిడెంట్ గారు, పక్కన అధికార పార్టీ పెద్దమనిషి. ఇద్దరూ నవ్వుతున్నారు. కింద "విలీనం ఖాయమేనా?" అని ఓ యూట్యూబ్ చానెల్ వాడి ప్రశ్న. అదే అధికార పార్టీని దుమ్మెత్తిపోస్తూ ముందురోజే నేను ఒక ప్రకటన పంపాను!

ఆటో ఎక్కి ఆఫీసుకు పరిగెత్తాను. "ఏంటి సార్ ఇది? ఆయన్ని కలిశారా?"

"కలుసుడు వేరు, కనబడుడు వేరు. పని మీద పోయిన."

"ఏం పని సార్?"

"గవన్ని నీకెందుకమ్మా? ఏదో ఒకటి రాయి."

ఇలాంటప్పుడు మా పీఆర్వోలంతా వాడే మాట ఒకటుంది: ప్రైవేటు కార్యక్రమం. అందులో అబద్ధం ఉండదు, నిజమూ ఉండదు. "ఒక ప్రైవేటు కార్యక్రమానికి వెళ్లిన మా అధ్యక్షుడికి ఆయన అనుకోకుండా ఎదురుపడ్డారు" అని ప్రెస్ నోట్ పంపేశాను. పత్రిక డెస్కులో కూర్చున్న ఎవరికో అది చప్పగా అనిపించినట్టుంది. హోటలూ, కార్యక్రమమూ అన్నాక ఇంకేముంటుంది? మర్నాడు "వివాహ వేడుకలో" అని అచ్చయింది. మధ్యాహ్నానికి ఒక టీవీలో అది "మిత్రుడి కుమార్తె పెళ్లి" అయి కూర్చుంది.

పత్రికలో తప్పు వస్తే రిజాయిండర్ పంపుతాం, అంటే మీరు వేసింది సరికాదు, దిద్దుకోండి అనే లేఖ. అది రాసుకుని ఆయన గదిలోకి వెళ్లాను.

"మనం పెళ్లి అనలేదు సార్. ఇది పంపాలి."

"ఎందుకు? పెళ్లే గదా," అన్నారు పేపర్లోంచి తలెత్తకుండా.

"పని మీద వెళ్లానన్నారు కదా!"

"పెళ్లికి పోవుడు పని గాదా?"

నిజంగానే పెళ్లికి వెళ్లి ముందు నాతో చెప్పలేదా? పేపర్లో చూసి ఇదేదో బాగుందని పట్టుకున్నారా? ఆ సాయంత్రం కెమెరాల ముందు ఆయన బైట్, అదే రెండు ముక్కల మాట, ఇస్తుంటే పక్కనే నిలబడి విన్నాను. పిల్ల బంగారంలాగ ఉందన్నారు. బగారన్నం మస్తుగుండె అన్నారు. పిల్ల తండ్రి చెయ్యి పట్టుకుని ఏడ్చాడని కూడా చెప్పారు. చెబుతున్నప్పుడు ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. ఛ, అనవసరంగా అనుమానించానే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నుంచీ సోమాజిగూడ విలేకరుల ఫోన్లు. "మేడం, మూఢం నడుస్తోంది. మూఢంలో పెళ్లేంటి?"

నాకు తట్టలేదు, ఆయనకూ తట్టలేదు. ముహూర్తాలు లేక ఊళ్లో ఫంక్షన్ హాళ్లన్నీ తాళాలేసుకున్న రోజుల్లో మా ప్రెసిడెంట్ గారు బగారన్నం తినొచ్చారు! "పెళ్లి గాదు, రిసెప్షన్ అని రాయి" అన్నారు. గంటాగి "నిశ్చితార్థం అను" అన్నారు. రెండూ పంపాను. దాంతో నిన్నటిదాకా ఒక ఫొటోగా ఉన్నది రాష్ట్రమంతా నవ్వుకునే వార్త అయింది.

నవ్వనివాడు ఒక్కడే, మల్లేశన్న. బోరబండ డివిజన్‌లో మా పార్టీ పుట్టినప్పటి నుంచీ జెండా మోసినవాడు, ఈసారి కార్పొరేటర్‌గా నిలబడాలనుకుంటున్నవాడు. ఆఫీసు మెట్ల మీదే నన్ను పట్టుకున్నాడు.

"మేడం, ఎదుటి పార్టోళ్లు టికెట్ ఇస్త రమ్మంటున్నరు. రేపటిదాకనే టైమన్నరు. మనం అధికార పార్టీల కలిస్తే మా డివిజన్ల ఆళ్ల మనిషే నిలబడ్తడు, నేను బజార్ల పడ్త. అన్న గా ముచ్చటకే హోటల్‌కి పోయిండా?"

"ప్రకటన ఇచ్చాం కదన్నా, చూడలేదా?" అన్నాను.

"చూసిన. మూడు చూసిన."

"రేపు ప్రెస్ మీట్ ఉంది. అన్నీ సారే చెబుతారు."

మల్లేశన్న తల ఊపి వెళ్లిపోయాడు. నా మాట నమ్మి ఎదుటి పార్టీవాళ్లకు రానని చెప్పేశాడట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ప్రెస్ మీట్‌కు హాలు కిటకిటలాడింది. పెళ్లికూతురి పేరేంటని ఒకరు, పురోహితుడెవరని ఒకరు. వెనక వరుసలోంచి మల్లేశన్న లేచాడు. హాలు సద్దుమణిగింది.

"అన్నా, పెండ్లి ముచ్చట ఇడిసిపెట్టు. పార్టీ ఉంటదా, కలుపుతవా? గదొక్కటి చెప్పు."

ప్రెసిడెంట్ గారు మంచినీళ్లు తాగారు. మైకుకు చెయ్యి అడ్డం పెట్టి నా వైపు వంగారు. "దీని మీద మనం ఏం చెప్పినమమ్మా?"

చెయ్యి సరిగా అడ్డం పడలేదు. ఆ మాట హాలంతా వినిపించింది. మల్లేశన్న మెడలోని కండువా తీసి కుర్చీ మీద వేసి బయటికి నడిచాడు. అప్పటికే ఎదుటి పార్టీ టికెట్ ఇంకొకరి చేతిలో పడింది.

విచిత్రం ఏమిటంటే ఆ విలీనం జరగనే లేదు. ఆ హోటల్లో ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ప్రెసిడెంట్ గారికైనా తెలుసా అంటే, ఒట్టు, చెప్పలేను.

ఎన్నికలయ్యాక మల్లేశన్న సోమాజిగూడలో ఒక ఆసుపత్రి ముందు కనిపించాడు. పలకరిస్తే ఆగాడు.

"ఇప్పుడన్న చెప్పు మేడం. అన్న ఎందుకు పోయిండు గాడికి?"

"నాకు తెలియదన్నా. అప్పుడూ తెలియదు."

ఆయనకు కోపం రాలేదు, అదే నాకు కష్టమనిపించింది.

"గా మెట్ల మీద గిదే మాట చెప్తే అయిపోతుండె గద మేడం," అన్నాడు. "మీకే తెల్వదంటే నాకు సమజైతుండె, నా దారి నేను చూసుకుంటుంటి."

ఇప్పుడు వేరే ఆఫీసులో ఇదే పని చేస్తున్నాను. ఖండనలు ఇప్పటికీ రాస్తాను, గట్టిగానే రాస్తాను. కానీ ఎవరైనా మనిషి నా ఎదురుగా నిలబడి అడిగితే, తెలియనిదాన్ని తెలియదనే చెబుతున్నాను.