ఎడారి బండి మేస్త్రి

మేస్త్రి పోయాడని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను రాజంపేటలో మా మేడ మీద నీళ్ల ట్యాంకు కడుగుతున్నాను. "బాబాయ్, నాన్న పోయారు" అంది. "మూడు రోజులుగా జ్వరం. పొద్దున కాఫీ తాగి పడుకున్నారు. మళ్లీ లేవలేదు" అంది. నేను బయలుదేరి రావులపాలెం చేరేసరికి దహనం అయిపోయింది. ఆయన షెడ్డు ముందు ఎవరో వదిలేసిన బండి ఒకటి స్టాండు మీద నిలబడి ఉంది. బాగు చేయించుకోవడానికి వచ్చినవాళ్లు సంగతి తెలిసి వెనక్కి వెళ్లిపోయారట.

మేస్త్రి నాకు రక్తసంబంధీకుడు కాదు. కువైట్‌లో షర్క్‌లో చేపల మార్కెట్‌కు దగ్గరగా ఒక మోటారు సైకిళ్ల షోరూం ఉండేది. దాని వెనక వర్క్‌షాపులో ఆయన పెద్ద మెకానిక్. కోనసీమ మనిషి. నేను కడప జిల్లా నుంచి వెళ్లి ఆయన కింద పనిలో చేరినప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ఆయనకు నలభై దగ్గర. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్ముడూ అనేవాడు. మా యాసలు వేరు కావడంతో మొదటి నెలంతా ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది.

బండి దగ్గరికి వెళ్లగానే ఆయన స్పానర్ తీసేవాడు కాదు. ముందు అరచెయ్యి ఇంజన్ మీద పెట్టి కాసేపు ఊరుకునేవాడు. "అది చెప్పేది ఇను ముందు. నువ్వు చెప్పేది తరవాత" అనేవాడు. విప్పిన బోల్టులను అరబ్బీ పత్రిక కాగితం మీద విప్పిన వరసలోనే పేర్చేవాడు. కోపం వస్తే అరిచేవాడు కాదు, టీ మానేసేవాడు. ఆయన టీ తాగని రోజున వర్క్‌షాపులో అందరం తల వంచుకుని పని చేసేవాళ్లం.

ఏ బండ్లు అమ్ముడుపోతున్నాయో చూసి ఊరి సంగతి చెప్పేవాడు. ఆయన వచ్చిన కొత్తలో షోరూం నుంచి ఎక్కువగా బరువైన సాదా బండ్లు వెళ్లేవట, పనికోసం కొనేవి. నేను చేరేనాటికి కాలం మారింది. ట్యాంకు మీద బోర్లా పడుకున్నట్టు నడిపే పందెపు బండ్లకోసం కుర్రకారు ఎగబడేవారు. సాయంత్రాలు సముద్రం ఒడ్డు రోడ్డు మీద వాటి మోత వినిపించేది. కొన్న వారానికే నుజ్జయి తిరిగొచ్చేవి కొన్ని. రక్తం మరకలున్న వాటిని మేస్త్రి తనే కడిగేవాడు. మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఇరాక్ దండయాత్రకు ముందు ఏడాది షోరూంకి కొత్త రకం బండి ఒకటి వచ్చింది. ఎడారి పందేలకోసం చేసిన రకం. పొడుగు చక్రాలు, ఎత్తైన సీటు, కుండంత పెట్రోలు ట్యాంకు. మేమంతా దానికి ఒంటె అని పేరు పెట్టాం. కొనడానికి వచ్చినవాళ్లు ఒకసారి ఎక్కి, కాళ్లు నేలకానక నవ్వి దిగిపోయేవారు. షోరూంలో అమ్మే లెబనాన్ ఆయన దాన్ని చూసి విసుక్కునేవాడు. మేస్త్రికి మాత్రం దాని మీద మనసు పడింది. పెట్టెలో విడి భాగాలుగా వస్తే ఆయనే బిగించాడు.

"దీంట్లో ఏముందన్నా అంత?" అని అడిగాను.

"కూకుంటే దూరం కనపడతాది తమ్ముడూ. మిగతా బండ్ల మీద ముందున్న రోడ్డే కనపడతాది. చూత్తా ఉండు, ఇయ్యే అమ్ముడుపోతాయి ముందు ముందు. ఊళ్లో తిరిగి తిరిగి జనానికి మొహం మొత్తుతాది."

ఆయన భార్యను నేను వదినా అనేవాణ్ణి. ఆమె మిష్రిఫ్‌లో ఒక కువైటీల ఇంట్లో పని చేసేది. తొమ్మిదేళ్ల కూతుర్ని ఊళ్లో అమ్మమ్మ దగ్గర వదిలి ఇద్దరూ వచ్చారు. ఒకే దేశంలో ఉన్నా ఒకే కప్పు కింద లేరు. శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇంటి యజమానురాలు, పనివాళ్లు మామా అని పిలిచే ఆవిడ, రెండు గంటలు బయటికి వదిలేది. ఆ రెండు గంటలకోసం మేస్త్రి వారమంతా గోళ్లలో నూనె మరక లేకుండా రుద్దుకునేవాడు. వదిన దోసెలు పోసి డబ్బాలో పెట్టి ఇచ్చేది. అందులో నా వాటా ఎప్పుడూ ఉండేది. నేను ఆమెను చూసింది నాలుగైదు సార్లే. గట్టిగా నవ్వే మనిషి.

ఆగస్టులో ఒక గురువారం తెల్లవారుజామున ఇరాక్ సైన్యం వచ్చింది. ముందు పిడుగులనుకున్నాం. ఆ కాలంలో అక్కడ వాన పడదని గుర్తొచ్చి లేచి కూర్చున్నాం. ఫోన్లు పోయాయి. రెండు రోజులు గది దాటలేకపోయాం. మేస్త్రి కిటికీ దగ్గరే నిలబడి, "శుక్రోరం ఎల్లలేదు" అన్న ఒక్క మాటే అంటూ ఉన్నాడు.

శనివారం పొద్దున షోరూంకి వెళ్లాం. సైనికులు పందెపు బండ్లను లారీల్లోకి ఎక్కిస్తున్నారు. ఒకడు అద్దాల్లేని తలుపులోంచి బండి నడుపుకుంటూ బయటికి వచ్చి పడ్డాడు, మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లు వెళ్లాక వెనక వర్క్‌షాపులో చూస్తే ఒంటె ఉంది. ముందు చక్రం విప్పి ఉండటంతో పనికిరాదని వదిలేశారు. మేస్త్రి చక్రం బిగించాడు, ట్యాంకు నిండా పెట్రోలు పోశాడు. నేను ఒక క్యాను నీళ్లు పట్టుకుని వెనక ఎక్కాను.

మిష్రిఫ్ దాకా సందుల్లోంచి, ఖాళీ స్థలాల ఇసుకలోంచి వెళ్లాం. ఒకచోట సైనికుడు తుపాకీ అడ్డం పెట్టి, ఇండియావాళ్లమా అని అరబ్బీలో, "హిందీ?" అన్నాడు. "హిందీ" అన్నాం. పొమ్మని చెయ్యి ఊపాడు. వదిన పని చేసే ఇంటి గేటు బార్లా తీసి ఉంది. లోపల ఎవరూ లేరు. వంటింట్లో బేసిన్ నిండా నానబెట్టిన మినప్పప్పు పులిసి నురగ కట్టింది. మేస్త్రి అందులో వేళ్లు ముంచి చూశాడు. శుక్రవారం దోసెలకు నానబెట్టిన పప్పు అది.

పక్కింట్లో పని చేసే మా రాయచోటి ఆమె గోడ మీదుగా పలికింది. "నిన్న తెల్లారకముందే పోయినారు న్నా. సౌదీకంట. రెండు కార్లు. మామా, పిల్లోళ్లు ముందు దాంట్లో. మీ ఆయమ్మ సామాన్ల కార్లో, డ్రైవరుతో. రోడ్డు మీద పట్టుకుంటాండారని ఇసకలో బడి పోతామన్నారు."

"ఏమన్నా చెప్పిందా?" అన్నాడు మేస్త్రి.

"నిన్ను తలుచుకొని ఏడిచింది. పోనంటే మామా చెయ్యి పట్టి ఎక్కిచ్చింది. ఒక్కదాన్ని ఇడిచిపెట్టి యాడ పోయేది అని."

మేం దక్షిణం వైపు వెళ్లాం. ఎడమ పక్క దూరంగా షుఐబా చమురు శుద్ధి కర్మాగారం పొగగొట్టాలు కనిపించినంత సేపు దారి తెలిసింది. తర్వాత రోడ్డు వదిలి ఇసుకలో పడ్డాం. బండి పేరుకు తగ్గట్టే నడిచింది. మిగతా ఏ బండి అయినా అక్కడ పది గజాలు పోయేది కాదు. ఎండ మొహాన్ని గీరుతోంది. దారిపొడుగునా వదిలేసిన కార్లు. ఒకదాంట్లో పిల్లల బొమ్మలు, ఇంకోదాంట్లో సగం తెరిచిన పెట్టె, ఒక తలగడ. ప్రతి కారు దగ్గరా మేస్త్రి ఆగాడు. దిగి, వంగి, వెనక సీటులోకి చూసేవాడు. ఎక్కి మళ్లీ నడిపేవాడు. వాటిలో ఎక్కడా వదిన గుర్తు లేదు.

మధ్యాహ్నం దాటేసరికి క్యానులో నీళ్లు గుక్కెడు మిగిలాయి. కార్ల జాడలు ఒకచోట రెండుగా చీలాయి. కొన్ని ఎడమకు, కొన్ని కుడికి. మేస్త్రి బండి ఆపి రెండు వైపులా చూశాడు. నా పెదవులు చిట్లి రక్తం కారుతోంది.

"ఎనక్కి పోదాం న్నా," అన్నాను. "ఇంగా ముందుకు పోతే మనమూ తిరిగిరాము. రేపు నీళ్లు తెచ్చుకోని వద్దాం."

ఆయన నావైపు తిరిగి చూశాడు. వాదించలేదు. నేను లేకపోతే ముందుకే వెళ్లేవాడు, అది ఆ చూపులో తెలిసింది. మిగిలిన గుక్కెడూ నాకే ఇచ్చి బండి వెనక్కి తిప్పాడు.

మర్నాడు నాకు వడదెబ్బ జ్వరం. ఆయన ఒక్కడే వెళ్లాడు. ఆ మర్నాడూ వెళ్లాడు. మూడో రోజు సైనికులు బండి లాక్కున్నారు. రోజంతా నడిచి గదికి వచ్చాడు. కాళ్లు కడగబోతే చెప్పుల పట్టీలతో పాటు చర్మం ఊడి వచ్చింది. "రెండో దారంట పోనిచ్చారు కాదు" అన్నాడు. అంతే.

నెల తర్వాత బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరాం. ఎడారిలో గుడారాల శిబిరం. రొట్టెలకోసం వేల మంది వరసలో నిలబడితే, మేస్త్రి ఆడవాళ్ల వరస పక్కన మొదటినుంచి చివరిదాకా నడిచేవాడు. చివరికి వచ్చి మళ్లీ మొదటికి వెళ్లేవాడు. బొంబాయి విమానం ఎక్కే రోజు కూడా ఎక్కనన్నాడు. "నీ బిడ్డ ఉండాది గదన్నా" అని నేను రెక్క పట్టి ఎక్కించాను. ఆయన్ని ఇలా రెండోసారి వెనక్కి తిప్పింది కూడా నేనే.

యుద్ధం ముగిశాక ఆయన మళ్లీ కువైట్ వెళ్లాడు. నేను వెళ్లలేదు. మిష్రిఫ్‌లో ఆ ఇంటివాళ్లు తిరిగొచ్చారు. జరిగింది మామాయే చెప్పిందట. వెనక కారు ఇసుకలో దిగబడింది. ముందు కారులో చోటు లేదు. సరిహద్దు దాటాక వచ్చి తీసుకెళ్తామని డ్రైవరుకీ వదినకీ చెప్పి వెళ్లారు. సాయంత్రం మామా భర్త తిరిగి వెళ్లి చూస్తే కారు ఉంది, తలుపు తెరిచి ఉంది, మనుషులు లేరు. చెబుతూ ఆమె ఏడ్చిందట.

"తిడదామనే ఎల్లాను తమ్ముడూ" అన్నాడు మేస్త్రి, తిరిగొచ్చాక. "ఆవిడ ఏడుత్తుంటే నోరు రాలేదు. ఒక్కటే అడిగాను, మా ఆవిడికి నీళ్లిచ్చి ఎల్లారా అని. గుర్తు లేదందండి ఆవిడ."

నాతో ఎన్నడూ 'అండి' అనని మనిషి ఆ రోజు పరాయివాడితో చెప్పినట్టు చెప్పాడు.

రెండేళ్లు అక్కడే ఉండి వెతికాడు. పోలీసుల దగ్గర, ఆసుపత్రుల్లో, రాయబార కార్యాలయంలో. చచ్చినవాళ్ల జాబితాలో ఆమె లేదు, బతికినవాళ్ల జాబితాలోనూ లేదు. చివరికి ఊరికి వచ్చి రావులపాలెంలో షెడ్డు వేసుకున్నాడు. కూతుర్ని చదివించాడు, పెళ్లి చేశాడు. పెళ్లి పీటల మీద కూర్చోనన్నాడు. ఆయన సొంత తమ్ముడూ మరదలూ కన్యాదానం చేస్తుంటే పందిరి గుంజ దగ్గర నిలబడి చూశాడు. గోడ మీద వదిన ఫోటోకు దండ వెయ్యలేదు, తీసెయ్యనూ లేదు.

ఈ పదేళ్లలో ఆయన జోస్యం నిజమైంది. మైలేజీ అడిగే రోజులు వెనకబడి, ఒంటె లాంటి బండ్లు మన ఊళ్లకూ వచ్చాయి. పక్కల పెట్టెలు, ముందు దీపాలు తగిలించుకుని కుర్రాళ్లు హిమాలయాలకు వెళ్తామని ఆయన దగ్గరికే తెచ్చేవారు. ఆయన చెయ్యి పడితే ఇక ఢోకా లేదని పేరు. బాగు చేసేవాడు గానీ ఎక్కి చూసేవాడు కాదు, బండిగలవాణ్ణే నడిపి చూసుకోమనేవాడు. పోయినసారి నేను వెళ్లినప్పుడు ఒక అబ్బాయి అడిగాడు. "రోడ్లన్నీ బాగుపడ్డాక జనం ఇలాంటి బండ్ల మీద ఎందుకు పడుతున్నారు మేస్త్రిగారూ?"

"బాగుపడ్డాయి గాబట్టేనండి. ఎల్లక తప్పనోడికి దారి లేని చోటు సరదాగా ఉండదు. ఎల్లకపోయినా పర్లేనోడికే ఉంటాది." అని, ఆ పెట్టెలు తట్టి, "నీళ్లెక్కడ పెడతారు?" అన్నాడు. అందరినీ అదే అడిగేవాడట. నవ్వేసినవాడి బండికి సీసా పట్టే క్లిప్పు తనే బిగించి పంపేవాడట.

ఆ సాయంత్రం నేను ముప్పై ఏళ్లకు పైగా లోపల ఉంచుకున్నది బయటపెట్టాను. "ఆ పొద్దు నేను ఎనక్కి పోదామనకుండా ఉంటే దొరుకుతాండె కదన్నా." కాదంటాడని ఎదురుచూశాను. "ఏమో తమ్ముడూ" అన్నాడు. ఆ తర్వాత టీ వచ్చింది, ఆయన ముట్టుకోలేదు. మా ఆఖరి మాటలు అవే. ఆయన అబద్ధం చెప్పి నన్ను తేలిక చెయ్యనందుకు నాకు కోపం లేదు. పని నేర్పినవాడు, తన వంతు నీళ్లు నాకిచ్చినవాడు, ఆ ఒక్క మాటలో కూడా నన్ను మనిషిగానే చూశాడు.

పదో రోజు గోదావరి రేవులో కర్మ. ఆయన తమ్ముడి కొడుకు కూర్చున్నాడు. పురోహితుడు మంత్రం మధ్యలో ఆగి, మామూలుగానే అడిగాడు. "భార్య ఉన్నారా? పోయారా? ఉంటే ఇవాళ జరగాల్సినవి వేరే ఉంటాయి. పోతే తిథి చెప్పండి."

కూతురు నావైపు చూసింది. ఆమెకిప్పుడు నలభై దాటాయి, చెంపలు నెరిశాయి. అక్కడున్నవాళ్లలో వాళ్లమ్మను కువైట్‌లో చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను గోదావరి వైపు తిరిగాను.

"తెలీదండి" అంది ఆమె, నెమ్మదిగా.

పురోహితుడు పెద్దవాడు. ఇంకేమీ అడగలేదు. ఇంకో చిన్న పిండం ముద్ద కలిపి, వేరే ఆకులో పెట్టి, ఏ పేరూ చెప్పకుండా ఇసుక మీద కొంచెం ఎడంగా ఉంచాడు. మంత్రం మళ్లీ అందుకున్నాడు. ఎండ ఎక్కుతోంది. ఆ ముద్ద మీద తడి ముందు అంచుల్లో ఆరింది, తర్వాత నడిమిదాకా ఆరింది. మేం స్నానాలు చేసి తడిబట్టలతో గట్టెక్కేసరికి అది తెల్లగా పగుళ్లిచ్చి అక్కడే ఉంది.