శిరీష పచ్చికను నేను ఆక్రమించిన ఆదివారం

నలుగురిలో నోరు విప్పలేని మనిషి ఒక పార్కు మొత్తాన్ని ఎలా అల్లకల్లోలం చేయగలదో చెప్పబోతున్నాను. మంచినీళ్లు తాగుతూ మాత్రం చదవకండి, పొలమారుతుంది.

శిరీష మా పిన్ని కూతురు. నా ఈడుదే. గుంటూరులో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక్క గోడే అడ్డు. ఆ మహాతల్లి కార్పొరేషన్ వాళ్ల దగ్గర అనుమతి తెచ్చుకుని, ఆదివారం సాయంత్రాలు మా వీధి చివరి పార్కులో పుస్తకాల మీద కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. జనం పచ్చిక మీద బాసింపట్లు వేసుకుని నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. వినరూ మరి! తను చదివినవి మూడే పుస్తకాలు. మూడూ నావే. వాటి గురించి చెప్పే మాటలూ నావే, వంటింట్లో వేరుశెనక్కాయలు వలుస్తూ నేను దానికి చెప్పినవి. చప్పట్లు మాత్రం దానివి! దూరంగా నిలబడి వింటుంటే నా కడుపులో ఎండుమిరపకాయలు వేయిస్తున్నట్టుండేది.

ఇంతలో దాని అనుమతి గడువు అయిపోయిందనీ, పొడిగించుకోవడం మర్చిపోయిందనీ తెలిసింది. ముందు ఎవరడిగితే వాళ్లకే ఆ చోటు. ఇంకేం, మర్నాడే కార్పొరేషన్ ఆఫీసులో ఉన్నాను.

"ఆదివారం అయిదింటికా? ఆ పచ్చికేనా?" అన్నారు పార్కుల సెక్షన్ గుమాస్తా. "అయితే శిరీష గారి పుస్తకాల తాలూకు మనిషేగా మీరు? పొడిగించేస్తానుండండి."

"కాదు కాదండీ! నాది వేరే!"

"వేరే అంటే? యోగానా? నవ్వుల క్లబ్బా?"

"త్వరగా తెమల్చమ్మా, ప్రత్తిపాడు బస్సుంది నాకు" అన్నాడు వెనక లైనులోని ఒక ఆసామి. లైనంతా నా వీపునే చూస్తోంది.

"న... నవ్వులండీ."

"భేష్! మన వాకింగ్ పెద్దలు ఎప్పట్నుంచో అడుగుతున్నారు. కానీ మీరే దగ్గరుండి నడపాలి. ఎగ్గొడితే మళ్లీ ఏ పార్కూ ఇవ్వం."

ఆదివారం వచ్చింది. తెల్ల బూట్ల పెద్దలందరూ నా చుట్టూ గుండ్రంగా నిలబడ్డారు. "కానివ్వండి మేడమ్ గారూ, నవ్వించండి" అన్నారొక బట్టతల పెద్దాయన. నేను ఇంజెక్షన్ సూది చూసిన పిల్లలా బిగుసుకుపోయాను. సరిగ్గా అప్పుడే చాపలు చంకన పెట్టుకుని శిరీష, దాని వెనక దాని జనం.

"ఏమే, నువ్వేంటే ఇక్కడ?"

"ఈవిడే మాకు నవ్వడం నేర్పే మేడమ్" అన్నారు పెద్దాయన గర్వంగా.

"ఇదా! ఇది ఫొటోకి కూడా నవ్వదండీ!"

ఆ మాటకి రోషం పొడుచుకొచ్చింది. "అందరూ గట్టిగా ఊపిరి పీల్చండి!" అని అరిచి, నేనే ముందు పీల్చాను. మిర్చి యార్డుకి వెళ్లే మిరపకాయల లారీ ఒకటి, చిరిగిన బస్తాలతో, అదే క్షణంలో గేటు దాటింది. ఆ ఘాటు తిన్నగా నా ముక్కులోకి.

"హా... హాచ్!"

"కొత్త పద్ధతిలా ఉంది, చెయ్యండి చెయ్యండి" అన్నారు పెద్దాయన. అందరూ చేతులు పైకెత్తి, "హా... హాచ్!" అన్నారు. మూడోసారికి ఘాటు వాళ్లదాకా చేరి, తుమ్ములు నిజంగానే మొదలయ్యాయి. పెద్దాయన కళ్లజోడు ఎగిరి శిరీష చాప మీద పడింది. శిరీష పొట్ట పట్టుకుని కూలబడి నవ్వింది. దాన్ని చూసి దాని జనం, వాళ్లను చూసి పెద్దలు, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య నవ్వులే నవ్వులు.

తనిఖీకి వచ్చిన పార్కు అధికారి కళ్లు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చారు. "ఏ పార్కులోనూ ఇంత నవ్వు వినలేదమ్మా! మీకు ఏడాది పాటు అనుమతి ఇప్పిస్తాను. శిరీష గారూ, మీరు పక్క పచ్చిక తీసుకోండి."

ఇప్పుడు ప్రతి ఆదివారం అయిదింటికి నేను "హహహా" అని గొంతు చించుకుంటుంటే, పక్కనే శిరీష నా మాటలు చెప్పి చప్పట్లు కొట్టించుకుంటోంది. మునుపు ప్రశాంతంగా కుళ్లుకునే తీరికైనా ఉండేది. ఇప్పుడు అదీ లేదు, నవ్వుతూ కుళ్లుకోవాలి!

అందుచేత, పాఠకులారా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎంత కుళ్లుకున్నా ఇంట్లోనే కుళ్లుకుంటాను. కార్పొరేషన్ వారి అనుమతితో మాత్రం ఛస్తే కుళ్లుకోను.