నోట రాని ప్రమాణం

మా ఇంట్లో నా తలనొప్పికి పాతికేళ్ల వయసు. పెళ్లయిన ఏడాదే ఎడమ కంటి వెనక మొదలైంది. వచ్చిందంటే వెలుతురు పడదు, పోపు వాసన పడదు. మాత్ర మింగి, గది తలుపు వేసుకుని పడుకునేదాన్ని. మొదట్లో మా ఆయన తడిగుడ్డ తెచ్చి నుదుటి మీద వేసేవాడు. జబ్బు పాతబడితే అదీ ఇంట్లో ఒక సామానే, దాన్నెవరూ చూడరు.

అందుకే మూడేళ్ల కిందట కుడి చెంపలో వేరే నొప్పి వస్తే అది కొత్తదని ఎవరూ అనుకోలేదు. పళ్లు తోముకుంటుంటే పై దవడ నుంచి ముక్కు పక్కదాకా కరెంటు కొట్టినట్టు ఒక్క పోటు. కొన్ని క్షణాలే ఉంటుంది, పోతే ఏమీ లేనట్టే. మొహం కడిగితే వస్తుంది, గాలి తగిలితే వస్తుంది, మాట్లాడితే వస్తుంది. పళ్ల డాక్టరుకు ఒక దవడ పన్ను చూపించాను, పీకాడు. తగ్గలేదు. దాని పక్కది చూపించాను, అదీ పీకాడు. రెండూ గట్టి పళ్లే. ఆయన్నొక్కణ్నీ అని లాభం లేదు, వేలు పెట్టి చూపించింది నేనే.

నమలలేక రాగి సంగటికి దిగాను. ముద్ద చేసి మింగేస్తే సరిపోతుంది.

మా ఆయన అక్క చిత్తూరులో మా వీధిలోనే ఉంటుంది. మా ఇంటి పెత్తనమూ ఆమెదే. వాళ్ల అమ్మాయి నిశ్చితార్థానికి నేను చెంపకు కొంగు అడ్డం పెట్టుకుని మూల కూర్చున్నాను. పెళ్లికొడుకు తరఫు వాళ్లు పలకరిస్తే తల ఊపానే గానీ నోరు విప్పలేదు. వాళ్లు వెళ్లిపోయాక ఆమె వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"మాట్లాడాలంటే నొప్పి. పండుకుంటే మాత్రం ఉండదు. నిద్రలో ఒక్క పొద్దన్నా మూలిగినావా మే? ఇదేం నొప్పి?"

నిజంగానే నిద్రలో వచ్చేది కాదు.

"కాణిపాకంలో పెమాణం చేసి సెప్పు. మళ్ల నేనేమీ అడగను," అంది.

మా వైపు సాక్ష్యం లేని తగవులన్నీ అక్కడే తేలతాయి. తలస్నానం చేసి, వినాయకుడి ముందు నిలబడి, నోటితో చెప్పాలి. చెప్పాక ఇక ఎవరూ ఎదురు మాట్లాడరు. నాకు కోపం నెత్తికెక్కింది. "పదండి వదినా, రేపే పోదాం," అన్నాను. మా ఆయన కూడా, "నువ్వు పెమాణం చేస్తే తిరపతిలో పెద్దాసుపత్రికి నేనే పిలుచుకోని పోతా," అన్నాడు. నాకు కావలసింది అదే. రాత్రంతా ఆశగా ఉంది.

బస్సులో కిటికీకి దూరంగా, మొహమంతా కొంగు చుట్టుకుని కూర్చున్నాను. గాలి గురించి ఆలోచించాను గానీ నీళ్ల గురించి ఆలోచించలేదు. గుడి దగ్గర కొళాయి కింద తల పెట్టగానే చల్లటి నీళ్లు చెంప మీదుగా కారాయి. పోటు మొదలైంది. దేవుడి ముందుకు వచ్చేసరికి ఒకటి ఆగకముందే ఇంకొకటి. నా నొప్పి నిజం అన్న మూడు మాటలు చెబితే చాలు. మూడుసార్లు నోరు తెరిచాను, మూడుసార్లూ చెంప పట్టుకుని మూసేశాను.

మౌనం అర్ధాంగీకారం అంటారు. అక్కడ సగం కూడా కాదు, పూర్తిగా ఒప్పుకున్నట్టే.

మా వదిన అరవలేదు. "సాల్లే మే, పోదాం పా," అంది మెల్లగా. మా ఆయన నా మొహం చూడలేదు.

సాయంత్రం నొప్పి వదిలాక ఆయనకు అంతా చెప్పాను. "ఆడ రాని మాట ఈడెట్ల వచ్చింది?" అని టవలు భుజాన వేసుకుని తన బెల్లం మండీకి పోయాడు. ముక్కూ మొహం తెలియని రైతు నోటి మాట మీద బండెడు బెల్లం దించుకునే మనిషి.

ఆ తర్వాత ఏడాది పాటు ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. దొంగను క్షమించి ఇంట్లో ఉంచుకున్నట్టు మర్యాదగా ఉన్నారు. నొప్పి వస్తే వంటగది తలుపు చేరవేసుకుని నిలబడేదాన్ని. ఇంత మంది కాదంటున్నారు, నేనే కల్పించుకుంటున్నానా అని కూడా అనిపించేది. ఆ అనుమానం నొప్పి కన్నా అన్యాయం.

చివరికి తిరుమల దర్శనానికి పోతున్నానని చెప్పి ఒక్కదాన్నే తిరుపతి బస్సెక్కాను. ఆ ఇంట్లో నేనాడిన అబద్ధం అదొక్కటే. వెంటనే నమ్మారు.

పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు నాకన్నా చిన్నది. బయట బెంచీల మీద అందరి పక్కనా ఎవరో ఒకరున్నారు, నా పక్కన సంచీ ఉంది. లోపల డాక్టరు దూదితో నా చెంప తాకీ తాకనట్టు రాసింది. నేను ఉలిక్కిపడ్డాను.

"మొహం కడిగితే వస్తుందా అమ్మా? మాట్లాడితే? నిద్రలో రాదు కదా?"

నిద్రలో రాదు కదా అని ఆమె అడిగింది. ఆ మాటతోనే కదా నన్ను అబద్ధాలకోరును చేశారు. ఏడుపొచ్చింది. ఏడిస్తే చెంప కదులుతుంది, మళ్లీ పోటు. ఆమె ఆగి, ఓపికగా చెప్పింది. ఇవి రెండు వేరు వేరు జబ్బులు. చెంపది మొహం నరం నొప్పి, పంటిది కాదు. తలనొప్పికి నేను రోజూ మింగే మాత్రలే ఇప్పుడు తలనొప్పి తెస్తున్నాయి, వాటిని మానాలి. నరానికి మూర్ఛకు వాడే మాత్ర మొదలుపెడదాం, మధ్యలో రక్తపరీక్షలు చేయించుకోవాలి. దానికి లొంగకపోతే సూదితో చేసే వైద్యం ఉంది, ఆపరేషనూ ఉంది. ముందు స్కాన్ తీయిద్దాం.

"మీతో ఎవరొచ్చినారు? ఈ మాత్ర మొదట్లో తల తిప్పుతుంది. తోడు ఉండాల."

"ఎవరూ రాలేదమ్మా," అన్నాను.

స్కాన్ తీయించుకుని ఇంటికొచ్చి, డాక్టరు జబ్బు పేరూ మందూ రాసిచ్చిన చీటీ మా ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని తీసుకుని వీధి చివర మందుల షాపుకు పోయాడు. వచ్చేటప్పుడు మొహం వెలిగిపోతోంది.

"నిజమేనంట మే. అట్లాంటి జబ్బు ఉండాదంట. షాపాయన సెప్పినాడు," అన్నాడు. అక్కకు ఫోన్ చేసి అదే చెప్పాడు. మంచినీళ్లు తానే తెచ్చిచ్చాడు.

మాత్ర పనిచేసింది. నెల తిరిగేసరికి పోట్లు రోజుకు ఒకటో రెండో అయ్యాయి. అన్నం నములుతున్నాను. మాట్లాడటానికి ఇప్పుడు నాకు ఏ అడ్డమూ లేదు. ఆయన మండీ నుంచి వచ్చి, నా ఎదురుగా కూర్చుని, ఎట్లుండాదని రోజూ అడుగుతాడు. బాగుంది అంటాను. ఆ ఒక్క మాట తప్ప ఆయనతో చెప్పడానికి నాకింకేమీ తోచదు.