కుక్క వాటా

మొన్న కొత్త పంట తినే కొత్తల పండుగ మర్నాడు పొద్దున్నే పాడేరులోని మా ఇంటికి ఎప్పటిలాగే ఆ స్టీలు క్యారేజీ వచ్చింది. తెచ్చినామెను ఆమె అయిదేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచీ నేను ఎరుగుదును. ఇప్పుడు తనే ఒక బిడ్డ తల్లి. అందులో నా పండుగ వాటాగా గొర్రె పచ్చి కార్జం ఉంటుందని మూత తీయకుండానే తెలుసు. ఈసారి వెంట వచ్చిన ఆమె కూతురి ఒళ్ళో ఒక కుక్కపిల్ల ఉంది, అది ఆ పిల్ల మూతి నాకుతోంది. నేను అరిచిన అరుపుకు పాపం ఆ పిల్ల జడుసుకుని ఏడ్చింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను జి.మాడుగుల అవతల కొండల్లో ఒక ఊరికి పశువుల కాంపౌండరుగా వేశారు. గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు పోయడం, పుండ్లకు కట్లు కట్టడం, అంతే నా వైద్యం. అయినా భుజాన మందుల సంచీ ఉంటే చాలు, మనిషి డాక్టరైపోయే రోజులని నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నేనూ ఆ గౌరవానికి బాగానే ఉబ్బిపోయాను. గొర్రెలున్న ఒక ఇంటాయన అరుగు గదిలో ఉండేవాణ్ణి. ఈ క్యారేజీ తెచ్చినామె ఆయన కూతురే.

ఆ ఊళ్ళో పండక్కి గొర్రెను కోస్తే అడ్డాకుల మీద గడపకొక కుప్ప పెట్టేవారు, చివర్న ఒక చిన్న కుప్ప కుక్కలకు. వేటకు తోడొచ్చే జీవానికి వాటా ఎగ్గొడితే అడవి ఊరుకోదని వాళ్ళ నమ్మకం. ఆ ఏడు కోసిన గొర్రె కార్జం నిండా నిమ్మకాయలంత నీటి బుడగలు కనిపించాయి. ఇది మనుషులు తినకూడదని నేను గట్టిగా చెబితే అందరూ విన్నారు. పూజలు చేసే దిశారి తాత మాత్రం దాన్ని కుక్కల కుప్పలో కూడా వేయనివ్వలేదు.

"సెడ్డది మంటలో ఎయ్యాల బాబూ, ఇంకే నోటికీ పోకూడదు" అన్నాడు.

నేను నవ్వాను. కుక్క కడుపు రాళ్ళనైనా అరిగించుకుంటుందని, పండగపూట దాని నోటి దగ్గర కూడు కాల్చేస్తావా తాతా అని నలుగురిలో ఆటపట్టించి, ఆ కార్జాన్ని ఆకులో చుట్టి, ఇంటాయన కూతురి చేతికిచ్చి కుక్కకు వేసి రమ్మన్నాను. ఆ కుక్క ఆ పిల్లకు ప్రాణం. రోజంతా దాని మెడ కౌగిలించుకుని తిరిగేది, అదే చేత్తో అంబలి తాగేది.

కొన్నేళ్ళకు ఆ పిల్ల కుడి డొక్క కింద నొప్పితో మెలికలు తిరిగితే విశాఖ పెద్దాసుపత్రికి నేనే బస్సులో తీసుకెళ్ళాను. కార్జంలో నీటితిత్తి ఉందని, గొర్రె కార్జంలోని బుడగలు తిన్న కుక్క పేగుల్లో పురుగులు పెరుగుతాయని, దాని మలంలోని గుడ్లు బొచ్చుకు అంటుకుని, పిల్లల చేతుల మీదుగా నోట్లోకి పోతాయని డాక్టరు వివరించాడు. శిక్షణలో ఈ ముక్క చెప్పే ఉంటారు, నేనే విని ఉండను. మీ ఊళ్ళో కుక్కలకు గొర్రె కార్జం వేస్తారా అని ఆయన అడిగితే, తెలియదండీ అన్నాను. ఆపరేషనయ్యాక, మళ్ళీ పుట్టవచ్చు, ఏటా స్కానింగు చేయించాలి అన్నారు. ఆ మాటతో నాలో దూరిన భయం ఇంతవరకూ బయటికి పోలేదు.

మొన్న ఆమె వెళ్తూ వెళ్తూ, ఈ ఏడు స్కానింగుకి పోలేదని, ఈమధ్య డొక్కలో కాస్త బరువుగా ఉంటోందని మామూలుగా చెప్పింది.

"ఆ రోజు మీరు బేగి తీసుకెల్లకపోతే నానుందునా బాబూ" అని నవ్వింది కూడా. పిల్ల చేతులు సబ్బుతో కడిగించి, కుక్కపిల్లకు నట్టల మాత్ర వేసి పంపాను.

వాళ్ళు వెళ్ళాక కార్జాన్ని వేలెడంత ముక్కలుగా కోసి చూశాను. ఒక్క బుడగ లేదు. అయినా పెరట్లో మంట పెట్టి అందులో వేశాను, తాత చెప్పినట్టే. ఆయన పోయి చాలా కాలమైంది; ఊరికి తారురోడ్డు వచ్చింది, అడ్డాకుల బదులు ప్లాస్టిక్ కవర్లలో వాటాలు పంచుతున్నారు, వేటలు ఏనాడో పోయాయి, కుక్కల కుప్ప మాత్రం ఇంకా పెడుతున్నారట. సోమవారం ఆమెను నేనే విశాఖ తీసుకెళ్తున్నాను. ఈసారీ డాక్టరు, కుక్కలకు గొర్రె కార్జం వేస్తారా అని అదే ప్రశ్న అడుగుతాడు, పక్కన ఆమె కూర్చుని ఉంటుంది.